లైటు చెడలేదు, జాయింటు చెడింది

(విజయవాడ పటమటలో పెరటి తోటలు, మిద్దె తోటలు పెంచుకునేవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు వానకి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినపడుతోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, నా గొంతు దానితో పోటీ పడలేదు. ఆఁ, చాలు.

నన్ను పిలిచినప్పుడే చెప్పాను, నాకు మొక్కల గురించి ఏమీ తెలీదని. మా ఇంట్లో మొక్కలు మా ఆవిడ శాఖ. నాది తీగల శాఖ. మల్లెతీగ కాదు, కరెంటు తీగ. అయినా పర్లేదు, రండి, మాకు కావలసింది అదే అన్నారు. ఎందుకన్నారో హాల్లోకి వస్తూ నలుగురితో మాట్లాడితే అర్థమైంది.

ఒక్కసారి చేతులెత్తండి. గేటు దగ్గరో, తోటలోనో, మేడ మీదో, మీ ఇంటి బయట పెట్టిన లైటు ఒక్కటైనా వెలగకుండా ఉన్నవాళ్లు ఎంతమంది? అమ్మో, సగం హాలు. దించకండి, దించకండి. అందులో కొత్త బల్బు కొనుక్కొచ్చి వేసి, అది కూడా వెలగనివాళ్లు? చూశారా, ఇద్దరో ముగ్గురో తప్ప ఎవరూ చెయ్యి దించలేదు.

నేనేమీ తక్కువ తినలేదు లెండి. ముప్ఫై ఏళ్లు పిల్లలకి ఫాల్టు ఎలా పట్టుకోవాలో చెప్పినవాణ్ణి, మా ఇంటి గేటు లైటు పోతే మూడుసార్లు బల్బు మార్చాను. మూడుసార్లు! మూడోసారి మా ఆవిడ కుండీకి నీళ్లు పోస్తూ, "ఆ గోడ మీద డబ్బా మూత తీసి చూడకూడదా?" అంది. తీశాను. లోపల చీమలు మట్టి తెచ్చి కాపురం పెట్టాయి. రెండు తీగలు మెలేసిన చోట పచ్చగా చిలుము. గోరుతో గీకితే పొడి రాలింది, తీగ విడిపోయింది. కొత్తగా కలిపి మూత పెడితే లైటు వెలిగింది. మూడు బల్బులూ బాగానే ఉన్నాయి. ఇప్పటికీ మా అలమరాలో ఉన్నాయి, కావలసినవాళ్లు పట్టుకెళ్లొచ్చు.

ఇక్కడికి దగ్గర్లోనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది, నార్ల తాతారావు గారి పేరు పెట్టారు దానికి. అక్కడ పుట్టిన కరెంటు టవర్లెక్కి, సబ్‌స్టేషన్లు దాటి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దిగి, మీ మీటరు తిప్పుకుంటూ ఇంట్లోకొచ్చి, తోట దాకా నడిచి, చివరికి ఎక్కడ ఆగిపోతుంది? మామిడిచెట్టు మొదట్లో ఎవరో చుట్టిన రెండంగుళాల నల్ల టేపు దగ్గర. లైటు చెడదని నేననను. చెడుతుంది. కానీ బయట లైటు వెలగకపోతే మొదటి అనుమానం లైటు మీద కాదు, అది ఆఖరి అనుమానం. మొదటి అనుమానం జాయింటు మీద. జాయింటులోకి వెళ్లిన నీళ్ల మీద.

ముందు ప్రాణం సంగతి

డబ్బా మూతలు తీసే ముందు ఒక మాట. బోరు కొట్టినా వినాలి.

ఇంట్లో గది లైటుకీ తోట లైటుకీ తేడా ఏమిటి? గదిలో మీరు గచ్చు మీద, కాలికి చెప్పులేసుకుని ఉంటారు. తోటలో తడి మట్టి మీద, ఉత్త కాళ్లతో, చేతిలో నీళ్ల పైపుతో ఉంటారు. అదే 230 వోల్టులు. గదిలో తగిలితే విదిలించి కొడుతుంది, చాలాసార్లు బతికి బయటపడతాం. తోటలో ఆ అవకాశం తక్కువ.

లెక్క చెప్తాను. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఎంత కరెంటు తీసుకుంటుంది? తొమ్మిదిని 230తో భాగించండి. సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఆ మాత్రం కరెంటు గుండె మీదుగా కాసేపు పోతే మనిషి పోవచ్చు. మరి మీ బోర్డులో ఆరు ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, ఉంది కదా, అది కాపాడదా? ఆరు ఆంపియర్లంటే ఆరు వేల మిల్లీ ఆంపియర్లు. మీ ఒంట్లోంచి 40 పోతుంటే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎంసీబీ తీగని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, మనవాళ్లు ట్రిప్పర్ అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది లెక్క చూసుకుంటూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే, లేదా చేరిన క్షణంలోనే కట్ చేసేస్తుంది. దాని మీద చిన్న బటన్ ఉంటుంది, టీ అని రాసి. నెలకోసారి అది నొక్కాలి. నొక్కితే పడిపోవాలి. పడలేదా, అది అలంకారానికి ఉన్నట్టు లెక్క, మార్పించండి. ఇక్కడ ఎంతమంది నొక్కారు ఈ నెల్లో? సరే, అడగను.

మా వీధిలో ఒకాయనింట్లో ప్రతి వానకీ ఈ ట్రిప్పర్ పడిపోయేది. విసుగొచ్చి ఎవరినో పిలిచారు. వచ్చినతను చేసిన పని ఏమిటంటే, ట్రిప్పర్ని పక్కన పెట్టి తీగలు డైరెక్టుగా కలిపేశాడు. ఇక పడలేదు. అందరూ సంతోషం. ఆ తర్వాత వారమో పది రోజులో, ఆ ఇంటి పెద్దావిడ పొద్దున్నే తులసికోటకి నీళ్లు పోస్తూ పక్కనున్న ఇనప దీపస్తంభం మీద చెయ్యేసింది. జివ్వుమంది. అదృష్టం, రబ్బరు చెప్పులేసుకుంది, చెయ్యి లాగేసుకుంది. నన్ను పిలిచారు. స్తంభం అడుగున పలక విప్పితే పచ్చ తీగ, అంటే ఎర్తు తీగ, కత్తిరించి లోపలికి మడిచేసి ఉంది. ఫేజు తీగ తోలు ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతోంది. అన్నాళ్లూ ట్రిప్పర్ పడిపోయింది దీని గురించే! పాపం అది పడిన ప్రతిసారీ చెబుతూనే ఉంది, తోటలో కరెంటు కారుతోందయ్యా అని. చెప్పే నోరు నొక్కేశారు.

అందుకని మూడు పనులు. లైటు స్విచ్ ఆపడం చాలదు, మెయిన్ ఆపండి. స్విచ్ ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేసిన ఇళ్లు మన ఊళ్లో కావలసినన్ని ఉన్నాయి, అక్కడ స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. రెండు, ఆపాక ఇంట్లో వాళ్లకి చెప్పండి. మీరు తోటలో తీగ పట్టుకుని కూర్చుంటే లోపల టీవీ ఆగిపోయిందని మనవడొచ్చి మెయిన్ వేసేస్తాడు. మూడు, చెప్పులేసుకోండి, వాన వెలిశాక నేల కాస్త ఆరనివ్వండి. తోట లైటు ఒక్కరాత్రి వెలగకపోతే కొంప మునిగిపోదు.

టెస్టర్ గురించి కూడా. టెస్టర్ వెలగలేదు కాబట్టి కరెంటు లేదు అనుకోకండి. పగటి ఎండలో ఆ చిన్న నియాన్ వెలుగు కనపడదు. ఒక తమాషా చెప్తాను. ఒక్కోసారి లైటు వెలగదు, టెస్టర్ పెడితే రెండు తీగల మీదా వెలుగుతుంది. ఏమిటిది, రెండు ఫేజులెలా వచ్చాయి అని హడలిపోతారు. రెండు ఫేజులు కాదు. న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఫేజే బల్బులోంచి దాటి ఇటువైపు తీగలోకొచ్చి నిలబడింది, వెనక్కి పోవడానికి దారి లేక. ఈ సంగతి తెలుసుకోవడం వరకే మీ వంతు. మూత తీసి కరెంటు ఉండగా పరీక్ష చేసే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ఒక్కటా, కొన్నా, అన్నీనా?

డాక్టరు గారు ముందు ఏమడుగుతారు? ఎప్పటినించీ, ఎక్కడ, ఏం తిన్నారు అని. స్క్రూడ్రైవర్ తీయకముందు మనమూ అంతే. ఎన్ని ఆరిపోయాయి? ఎప్పటినించీ? వాన పడ్డాకా, మామూలుగానా? ఈ మధ్య తోటలో ఎవరైనా తవ్వారా?

అన్నీ ఒక్కసారి ఆరిపోయాయా? అయితే పది లైట్లూ కూడబలుక్కుని ఒకే రాత్రి చచ్చిపోవు కదండీ. తప్పు మొదట్లో ఉంది. ఎంసీబీయో, టైమరో, డే నైట్ సెన్సారో, 12 వోల్టుల సెట్టయితే అడాప్టరో. గేటు వైపు నాలుగు వెలుగుతూ, బావి వైపు ఆరు ఆరిపోయాయా? నాలుగో లైటుకీ ఐదో లైటుకీ మధ్య చూడండి, అందులోనూ నాలుగో లైటు దగ్గర జాయింటు ముందు చూడండి. ఒకే ఒక్కటి ఆరిందా? అప్పుడు ఆ లైటునో, దాని హోల్డరునో అనుమానించొచ్చు. పక్కన వెలుగుతున్న బల్బు తీసి దానికి పెట్టండి. వెలిగితే బల్బు తప్పు. వెలగకపోతే హోల్డరు తప్పో, తీగ తప్పో. పైసా ఖర్చు లేని పరీక్ష. మూడు బల్బులు కొన్నాక నాకు గుర్తొచ్చిన పరీక్ష.

అన్నీ ఆరిపోయినప్పుడు, మొదట్లో అంతా బాగానే ఉందనుకోండి, గేటు దగ్గర మొదలెట్టి ఒక్కో డబ్బా విప్పుకుంటూ వస్తారు చాలామంది. ఎనిమిదో డబ్బాకి నడుం పట్టేస్తుంది. అలా కాదు. మధ్యకి వెళ్లండి. ఐదో లైటు దగ్గర తీగ విడదీయండి. అంటే మెయిన్ ఆపి విడదీసి, చివర్లకి విడివిడిగా కనెక్టర్ పెట్టి, అప్పుడు మెయిన్ వేయాలి, సరేనా? ఇప్పుడు మొదటి సగం వెలిగిందా? తప్పు రెండో సగంలో ఉంది. మళ్లీ ఆ సగానికి మధ్య. పది లైట్లకి మూడు, మహా అయితే నాలుగు చోట్ల విప్పితే దొరికిపోతుంది. ట్రిప్పర్ పడిపోతున్నా ఇదే పద్ధతి. ఎటు సగం కలిపితే పడుతోందో అటే నీళ్లున్నాయి.

ఏమిటమ్మా? గట్టిగా చెప్పండి. ఆఁ... ఆవిడ అడుగుతున్నది, తోట లైట్ల స్విచ్ ఆపేసినా సరే వానొస్తే ట్రిప్పర్ పడుతోంది, మరి తప్పు తోటలో ఎలా ఉంటుంది అని. చాలా మంచి ప్రశ్న. నా క్లాసులో అడిగుంటే చాక్లెట్ ఇచ్చేవాణ్ణి. మీ స్విచ్ ఆపేది ఫేజు తీగ ఒక్కదాన్నే. న్యూట్రల్ తీగ తోట దాకా అలాగే వెళ్లి ఉంది. అక్కడది తడి మట్టికి తగిలిందనుకోండి, ఇంట్లో ఫ్రిజ్జు నడుస్తున్నా ఫ్యాను తిరుగుతున్నా, తిరిగి రావలసిన కరెంటులో కొంత తోట దారిన మట్టిలోకి పోతుంది. ట్రిప్పర్ లెక్క తప్పుతుంది. పడిపోతుంది. అంచేత తోట లైన్ని విడదీసేటప్పుడు ఫేజు, న్యూట్రల్ రెండూ విడదీయాలి. రెండూ ఒకేసారి ఆపే డబుల్ పోల్ ఎంసీబీ తోటకి విడిగా పెట్టించుకుంటే ఇంకా హాయి. వాన రాత్రి అదొక్కటి దించేసి, ఇంట్లో ఫ్యాను వేసుకుని పడుకోవచ్చు.

నీళ్లు ఎలా దూరతాయి

ఇప్పుడు అసలు దొంగ. నీళ్లు.

లైటు కొన్నప్పుడు డబ్బా మీద ఐపీ 65 అని ఉంటుంది. షాపులో కుర్రాడు వాటర్‌ప్రూఫ్ సార్ అంటాడు. ఆ అంకెలో మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్లకి. 65 అంటే దుమ్ము దూరదు, పైపుతో నీళ్లు చిమ్మినా తట్టుకుంటుంది. అంతేగానీ నీళ్లలో మునిగితే తట్టుకుంటుందని కాదు. 67 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట. అరగంట గుర్తుపెట్టుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు నీళ్లు ఎన్నాళ్లున్నాయో మీకు నేను చెప్పాలా? అరగంటకి పరీక్ష పెట్టిన లైటుని రోజుల తరబడి బురద నీళ్లలో ముంచితే ఏ అంకే కాపాడదు. ఆ వరద తర్వాత చాలామంది లైట్లు ఎండబెట్టి మళ్లీ పెట్టుకున్నారు, కొన్నాళ్లు వెలిగాయి కూడా. తర్వాత ఒక్కొక్కటీ పోయింది. ఎందుకు? లైటు ఆరింది గానీ తీగ ఆరలేదు. తీగ కోసిన చివర నీళ్లలో ఉంటే, సన్నటి రాగి పోగుల మధ్య నీళ్లు ఒత్తిలో నూనె పాకినట్టు లోపలికి పాకుతాయి. పైన తోలు నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల రాగి నల్లబడిపోతుంది. అలాంటి తీగకి కొత్త జాయింటు వేస్తే నిలవదు. చివర కత్తిరించుకుంటూ పోవాలి, రాగి ఎర్రగా మెరిసేదాకా. అడుగు కత్తిరించినా ఇంకా నల్లగానే ఉందా? ఇంకో అడుగు. మీటరు పోయినా నలుపు పోలేదంటే తీగ మార్చేయడమే.

సరే, వరద రాలేదు, వాన కూడా లేదు, అయినా లైటు అద్దం లోపల నీటి చుక్కలు. చూశారా ఎప్పుడైనా? ఎక్కణ్ణించి వచ్చాయి? లైటు ఊపిరి తీస్తుందండీ. నిజం. పగలు మన ఎండకి లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, రబ్బరు సందుల్లోంచి బయటికి పోతుంది. సాయంత్రం ఆరింటికి మీరు పైపు పట్టుకుని మొక్కలతోపాటు లైటు మీద కూడా చల్లగా ఓ జల్లు కొడతారు. లోపల గాలి ఒక్కసారి ముడుచుకుంటుంది. ముడుచుకుంటే ఏం చేస్తుంది? బయట ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. బయట ఉన్నదేమిటి? మీరు కొట్టిన నీళ్లు! చేతులారా తాగిస్తున్నాం. మొక్కకి మొదట్లో పోయండి, లైటుకి స్నానం చేయించకండి.

ఇంకొక పని చేస్తారు మనవాళ్లు. నీళ్లు దూరుతున్నాయని సిలికాన్ ట్యూబు తెచ్చి చుట్టూ పూసేస్తారు, కింద కూడా. కొన్ని లైట్లకి అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది. అది కంపెనీవాడు మర్చిపోయి వదిలేసింది కాదు, లోపలికొచ్చిన తేమ కారిపోవడానికి పెట్టింది. దాన్ని మూసేస్తే లైటు చెంబవుతుంది.

జంక్షన్ బాక్సుకి, అంటే తీగలు కలిపే డబ్బాకి, తీగ పైనించి దింపకండి, కిందనించి ఎక్కించండి. పక్కనించే తేవలసి వస్తే, తీగని ముందు కొంచెం కిందికి వేలాడదీసి, మళ్లీ పైకి తీసుకెళ్లి లోపల పెట్టండి. వాన నీళ్లు తీగ వెంబడి జారి, ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి. చూరు నీళ్లు కారినట్టు. తీగ దూరే చోట గ్లాండ్, అంటే తీగ చుట్టూ బిగుసుకుని సందు మూసే బిరడా, బిగించండి, పది ఇరవై రూపాయల వస్తువు. అది లేకపోతే ఆ రంధ్రం చీమలకి సింహద్వారం. బల్లులు కూడా వస్తాయి, రాత్రి పురుగులకోసం. అవి టెర్మినళ్ల మధ్య పడి చచ్చిపోతే ఏమవుతుందో వివరంగా చెప్పను, టిఫిన్లున్నాయి ఇంకా.

టేపు. మనం వాడే మామూలు పీవీసీ టేపు మట్టిలో పెట్టడానికి కాదండీ. ఎండకి జిగురు కరుగుతుంది, తడికి ఊడిపోతుంది. మట్టిలో అసలు జాయింటు లేకుండా చూసుకోండి. లైటు నించి లైటుకి తెగని తీగ వేసి, కలిపేదేదైనా నేలకి జానెడు పైన, డబ్బాలో కలపండి. తప్పనిసరై మట్టిలోనే కలపాలంటే లోపల జెల్ నింపిన కనెక్టర్లు దొరుకుతున్నాయి, వేడి చేస్తే తీగ మీద బిగుసుకుపోయే, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టాలు దొరుకుతున్నాయి. అవి వాడండి.

నీళ్ల తర్వాతి దొంగ పందికొక్కు. దాని తర్వాతి దొంగ, కోప్పడకండి, మీ తోటమాలి. కాదు, మనమే. ఎక్కడ తీగ వేశామో గుర్తుండదు. రెండేళ్ల తర్వాత అక్కడే కరివేపాకు మొక్క నాటాలనిపిస్తుంది. గునపం దిగుతుంది. ఒక్కోసారి తీగ తెగదు, తోలు మాత్రమే చీలుతుంది. ఆ రోజు ఏమీ కాదు. తొలకరి పడ్డాక మొదలవుతుంది కథ. అందుకే తవ్వారా అని ముందే అడిగాను. కొత్తగా వేసేవాళ్లు ఆర్మర్డ్ కేబుల్, అంటే ఇనప తొడుగున్న తీగ, వేయించండి, లేదా గట్టి పైపులో వేసి రెండడుగుల లోతు పూడ్చండి. పూడ్చేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, గోడనించి ఎన్ని అడుగులో తెలిసేలా. ఆ ఫొటో ఖర్చేముంది?

ఎర్తు గుంట ఉందా మీ ఇంట్లో? ఎక్కడుందో తెలుసా? బొగ్గు, ఉప్పు వేసి పూడ్చి, పైన చిన్న గరాటు పెట్టి ఉంటుంది. మొక్కలన్నిటికీ రోజూ నీళ్లు పోస్తారు. రోహిణి కార్తెలో వారానికోసారి ఆ గుంటలో కూడా బిందెడు పోయండి. అది ఎండిపోతే ఎర్తు పేరుకే.

మసకగా వెలిగేవి, వెలగనివి, వద్దన్నా వెలిగేవి

ఈ మధ్య 12 వోల్టుల లైట్లు ఎక్కువయ్యాయి. మంచిదే, షాకు భయం ఉండదు. అడాప్టరు మాత్రం 230దే, దాన్ని తడవనీకండి. వీటి జబ్బు వేరు. అడాప్టరు దగ్గర లైట్లు ధగధగ, చివర్లో మిణుగురు పురుగులు. లైట్లు మార్చినా అంతే. ఎందుకు? మళ్లీ లెక్క, ఇదే ఆఖరి లెక్క. 60 వాట్లు, 12 వోల్టులు అంటే ఐదు ఆంపియర్లు. ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి తీగకి కిలోమీటరుకి సుమారు 12 ఓములు. మీ తోట 20 మీటర్లు, పోను రాను 40 మీటర్లు. అంటే దగ్గర దగ్గర అర ఓము. కరెంటంతా చివరిదాకా పోతుందనుకుని ఐదు ఆంపియర్లతో గుణిస్తే 2.4 వోల్టులు తీగే తినేసింది. చివరికి చేరింది తొమ్మిదిన్నర. మసకగా ఉండక ఏం చేస్తుంది? అదే 24 వోల్టుల సెట్టయితే కరెంటు సగం, తీగ తినేది 1.2 వోల్టులు, అదీ 24లో. తెలియనే తెలియదు. ఉన్న సెట్టునే బాగుచేసుకోవాలంటే అడాప్టర్ని ఒక చివర్నించి తీసి మధ్యలో పెట్టండి, లేదా లావు తీగ వేయండి. ఈ పని మల్టీమీటరు కొనుక్కుని మీరే చేసుకోవచ్చు. మొదటి లైటు దగ్గర ఎన్ని వోల్టులు, చివరి లైటు దగ్గర ఎన్ని. రెండు అంకెలు కాగితం మీద రాసుకుంటే జబ్బు కనపడిపోతుంది.

సోలార్ లైట్లు. వీటి గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. వెలగకపోతే ముందు పైన పలక మీద చెయ్యి పెట్టి మూయండి. వెలిగిందా? లైటు బాగుంది, పక్కన వీధిలైటు వెలుతురు పడి అది ఇంకా పగలే అనుకుంటోంది. వెలగలేదా? పలక తుడవండి, కాకి రెట్టలు, దుమ్ము. దాన్ని మామిడిచెట్టు నీడలో పెట్టి ఛార్జి కాలేదంటే దాని తప్పు కాదు. అడుగున స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉందేమో చూడండి, నవ్వకండి, మా బావమరిది ఆర్నెల్లు ఆఫ్‌లోనే ఎండబెట్టాడు. తర్వాత బ్యాటరీ. చిన్న లైట్లలో 1.2 వోల్టుల ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది, రెండు మూడేళ్లకి నీరసపడుతుంది. అదే రకం కొని వేయండి. గోడ గడియారంలో వేసే మామూలు బ్యాటరీ వేయకండి, అది ఛార్జి అయ్యేది కాదు, కారిపోతుంది.

స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ సన్నగా వెలుగుతూ ఉంటుంది కొందరిళ్లలో. దెయ్యం కాదు. స్విచ్ న్యూట్రల్‌లో ఉండొచ్చు, లేదా ఎర్ర ఇండికేటర్ ఉన్న స్విచ్ అయ్యుండొచ్చు. మొదటిదైతే తీగలు మార్పించండి, ప్రమాదం. ఆరుతూ వెలుగుతూ ఉంటే సెన్సార్ చూడండి. లైటు వెలుతురు దాని సెన్సార్ మీదే పడుతుంటే, తెల్లారిందనుకుని ఆపుతుంది, చీకటయిందనుకుని వేస్తుంది, రాత్రంతా అదే పని. సెన్సార్ని పక్కకి తిప్పితే చాలు. పట్టపగలు వెలుగుతుంటే టైమరు. పళ్లచక్రం టైమర్లు కరెంటు పోయినప్పుడు ఆగిపోతాయి, వచ్చినప్పుడు ఆగినచోట నించి నడుస్తాయి. నాలుగు గంటలు కోత పడితే నాలుగు గంటలు వెనక. దానికి టైము దిద్దితే సరి, ఎలక్ట్రీషియన్ని పిలవక్కర్లేదు.

లైటు కూడా చెడుతుందన్నాను కదా. నిజంగా చెడినప్పుడు సాధారణంగా చెడేది ఎల్‌ఈడీ కాదు, దాని వెనక డ్రైవరు, అంటే కరెంటుని ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చి ఇచ్చే చిన్న బోర్డు. అందులో చిన్న కెపాసిటర్లుంటాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగమవుతుందని లెక్క. మనది బెజవాడ కాదు, బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. పడమటి గోడ మీద నల్లటి లైటు బిగిస్తే మేలో అది పెనం. తూర్పు గోడకి మార్చండి, లేదా చిన్న చూరు కట్టండి. డ్రైవరు విడిగా దొరికే రకమైతే అదొక్కటే మార్చుకోవచ్చు, లైటంతా పారేయక్కర్లేదు.

ఆఁ, సార్, చెప్పండి. దీపావళి సీరియల్ సెట్లా? ఒక్క ముక్కలో చెప్తాను. డబ్బా మీద ఇంటి లోపల వాడుకోండి అని రాసి ఉన్నవాటిని తులసికోట చుట్టూ చుట్టకండి. ఆ తీగ దారం అంత ఉంటుంది, 230 వోల్టులు దాంట్లో. పండగ నెల రోజులూ పొద్దున్నే దీపం పెట్టడానికి తడి బట్టల్తో వెళ్లేది మీ ఇంట్లో ఆడవాళ్లే.

వీధి స్తంభం దగ్గర, మీటరు ముందు ఏమున్నా మీరు ముట్టుకోకండి, కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఇంట్లో కొన్ని లైట్లు ఒక్కసారి మరీ ప్రకాశంగా వెలిగి ఇంకొన్ని మసకబారితే అది తోట సమస్య కాదు, న్యూట్రల్ ఊడింది, మెయిన్ ఆపేసి అదే నంబరుకి చేయండి.

టైమైపోయిందని ఆ టిఫిన్ల దగ్గర ఉన్న అమ్మాయి సైగలు చేస్తోంది. ఇందాక వానొస్తే ట్రిప్పర్ పడుతోందన్న అమ్మగారు ఎక్కడ? మీ ఇల్లు రోడ్డవతలే అన్నారు కదా. పొద్దున్నించీ వాన, మీ తప్పు ఇప్పుడు మెలకువగానే ఉండి ఉంటుంది, ఎండొస్తే మళ్లీ దాక్కుంటుంది. టిఫిన్ తిని వెళ్దాం పదండి. మట్టిలోకి దిగం, గోడ మీద బోర్డులో తోట తీగలు రెండూ విడదీసి ట్రిప్పర్ నిలబడుతుందా లేదా అని చూద్దాం, అంతే. చూడాలనుకునేవాళ్లు రావచ్చు. ఇందాక గుమ్మం దగ్గర వదిలినవి వేసుకుని రండి.